ఆదివారం పది నిమిషాలు

ఆదివారం మధ్యాహ్నం విజయవాడ పక్కన గూడవల్లి వైపు వెళ్తే రెసిడెన్షియల్ కాలేజీల గేట్ల దగ్గర తిరనాళ్లలా జనం కనిపిస్తారు. చెట్టు నీడన దుప్పటి పరిచి క్యారియర్ విప్పుతారు. కోడికూర, గోంగూర పచ్చడి, పెరుగన్నం. హాస్టల్ తిండికి పిల్లాడు చిక్కిపోయాడని అమ్మ ముద్దలు కలిపి పెడుతుంది. రెండో ముద్ద నోట్లో ఉండగానే నాన్న అడుగుతాడు: "వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయిరా?" ముద్ద అక్కడే ఆగిపోతుంది. ఊరు దూరమై రాలేని వాళ్లకు వార్డెన్ ఫోనే దిక్కు. వెనక పది మంది వరసలో నిలబడి ఉంటారు. మాట్లాడేది పది నిమిషాలు, అందులో ఏడు నిమిషాలు మార్కులకే పోతాయి.

ఆ తండ్రికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఫీజు కోసం పొలం తాకట్టు పెట్టినవాడు, పిల్లాడి చదువుకని రెండేళ్లుగా పండక్కి కొత్త చొక్కా కొనుక్కోనివాడు ఆయనే. అంత ప్రేమా ర్యాంకు అనే ఒక్క ప్రశ్నలోంచే బయటికొస్తోంది. పదహారేళ్ల పిల్లాడికి అది ప్రేమలా వినపడదు. 'నా మార్కులు బాగుంటేనే నేను వీళ్లకు బాగుంటాను' అని వినపడుతుంది.

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఒక్కో మరణం వెనక ఎన్నో కారణాలుంటాయి. అన్నిటినీ తల్లిదండ్రుల నెత్తిన రుద్దడం అన్యాయం. కానీ ఆ పిల్లల్లో ఎందరికో మనసులోని మాట చెప్పుకునే మనిషి దొరకలేదేమో అన్న అనుమానం గుండెను మెలిపెడుతుంది.

తెలంగాణ 2019 ఏప్రిల్‌ను మరిచిపోలేదు. ఇంటర్ ఫలితాలొచ్చాక కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అదే ఫలితాల్లో మంచిర్యాల జిల్లాలో బాగా చదివే ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే అవి 99 మార్కులు! సున్నాకూ తొంభై తొమ్మిదికీ మధ్య గడిచిన ఆ రోజుల్లో పిల్లను నిలబెట్టాల్సింది మెమో కాదు, ఇల్లు. మెమో తప్పు కాకపోయినా, నిజంగానే ఫెయిలైనా, ఇంటి మాట మారకూడదు. ఆంధ్రలో ఇప్పుడు ఫలితాలు వాట్సాప్‌కే వస్తున్నాయి. ఆ వెంటనే పిన్నిలు, బాబాయిల ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లు పిల్లల దాకా పోకుండా తల్లిదండ్రులే అందుకుని, "తర్వాత మాట్లాడదాం" అని పెట్టేయగలగాలి. ఆ పూట పిల్లలకు దొరికే పెద్ద అండ అది.

"చిన్నప్పుడు నా కొంగు వదిలేవాడు కాదు, ఇప్పుడు పలకరిస్తే విసుక్కుంటాడు" అని బాధపడే తల్లులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2022లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లల మెదళ్లను స్కాన్ చేసి చూసిన సంగతులు ప్రచురించారు. పన్నెండేళ్ల లోపు పిల్లల మెదడు అమ్మ గొంతు వింటే ప్రత్యేకంగా ఉత్సాహపడుతుంది. పదమూడు దాటాక కొత్త గొంతుల వైపు మొగ్గుతుంది. అంటే ఆ దూరం పొగరు కాదు, ఎదుగుదల. రేపు బయటి ప్రపంచంలో బతకాల్సిన వాళ్లను ప్రకృతి ఇలా సిద్ధం చేస్తోంది. నిద్ర సంగతీ ఇంతే. ఈ వయసులో శరీరానికి నిద్ర ఆలస్యంగా ముంచుకొస్తుంది. వైద్యులు చెప్పేది రోజుకు 8 నుంచి 10 గంటలు. తెల్లవారుజామునే స్టడీ అవర్‌కి లేపే హాస్టళ్లలో అంత నిద్ర ఎక్కడిది? ఇంటికొచ్చిన పిల్లాడు మధ్యాహ్నం దాకా పడుకుంటే బద్ధకస్తుడని తిట్టేముందు ఇది గుర్తు చేసుకోవాలి.

మరి మాట కలిసేదెలా? ఎదురుగా కూర్చోబెట్టి "ఏంటి నీ ప్రాబ్లం?" అంటే ఏ పిల్లాడూ నోరు విప్పడు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, అమ్మ పక్కన చపాతీలు ఒత్తుతున్నప్పుడు, కరెంటు పోయి డాబా మీద పడుకున్నప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. కళ్లలో కళ్లు పెట్టి చూడాల్సిన పని లేదు కదా! అలా వచ్చిన మాటను చివరిదాకా విననివ్వని శత్రువు సలహా. కూతురు "ఫిజిక్స్ సార్ అంటే భయమేస్తోంది" అంటే, "భయమెందుకు, ముందు బెంచీలో కూర్చో" అన్నామా, ఆ తలుపు మూసుకుపోయినట్టే. "అవునా అమ్మా, ఏమైంది?" అని ఆగాలి. ఆ ఆగడమే కష్టం.

తెలుగు ఇళ్లలో ఇంకొకటి దాచిపెడతారు: పెద్దల ఓటమి. ఇంటర్ లెక్కల పరీక్షకు గజనీలా దండయాత్రలు చేసిన నాన్నలు ఎంతమంది లేరు! పిల్లలకు మాత్రం కిరోసిన్ దీపం కింద చదివిన కథే చెబుతారు. ఫెయిలైన రోజు ఎక్కడ కూర్చుని ఏడ్చారో, ఇంటికి వెళ్లడానికి ఎంత భయపడ్డారో, తర్వాత ఎలా బతికారో చెబితే పిల్లాడికి ఆ నాన్న ఇంకా దగ్గరవుతాడు.

మౌనం మామూలు హద్దు దాటుతోందని కూడా పసిగట్టాలి. తిండి మానేయడం, రాత్రుళ్లు మేలుకునే ఉండటం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, 'నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది' అనడం దానికి గుర్తులు. అప్పుడు "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆ మాట వచ్చాక పిల్లలను ఒంటరిగా వదలకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలే కాదు, పెద్దలూ చేయొచ్చు.

2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోతే, ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న తీర్పిస్తూ కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. వందమందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతిచోటా అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టొద్దంది. ఒత్తిడి పెట్టకుండా ఉండేలా తల్లిదండ్రులకు తరచూ అవగాహన కల్పించాలని కూడా చెప్పింది. పిల్లను పోగొట్టుకున్న ఒక తండ్రి పట్టుదల వల్ల వచ్చిన మాటలివి. అడ్మిషన్ రోజున ఫీజు రసీదు తీసుకునేటప్పుడే కౌన్సెలర్ ఎవరని ప్రతి తండ్రీ అడగాలి.

ఇక ఆదివారం దొరికే ఆ పది నిమిషాల సంగతి. ఆవు ఈనిందని, నాన్నమ్మ పళ్లసెట్టు ఎక్కడో పెట్టి మర్చిపోయిందని, పక్కింటి బాబుకి అడుగులు పడుతున్నాయని చెప్పొచ్చు. క్యారియర్‌లో పెట్టిన కూర నచ్చిందో లేదో గేటు దగ్గరైతే అడగొచ్చు. టెస్టు సంగతి చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు. ఫోన్ పెట్టే వేళకో, గేటు మూసే వేళకో చెప్పకపోయినా, మళ్లీ ఆదివారం ఉంది.