సరుకెరిగిన వ్యాగన్

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 2026తో 67 ఏళ్లు నిండాయి. సోవియట్ సాయంతో ప్లాంటు లేస్తున్న రోజుల్లో కూలీనాలీ జనానికి గూడుగా వెలిసినదే మన క్యాంప్ 2 బస్తీ. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు ఇక్కడ బడికి పోతున్నారు. ఫిబ్రవరి 4 రాగానే ఎన్ని లక్షల టన్నులు తీశామన్న లెక్క చెప్పుకోవడం మనకు అలవాటు. ఈసారి టన్నుల లెక్కకు లొంగని సరుకు గురించి మాట్లాడుకుందాం. అది కారు.

మన పట్టాల మీద ఖనిజం, బొగ్గు నడుస్తాయి. వ్యాగన్ నిండా పోస్తారు, దొర్లిస్తారు, గుమ్మరిస్తారు. కారు అలా కాదు. చిన్న కారు బరువు టన్ను చుట్టుపక్కలే, లోపలంతా ఖాళీ. చిన్న గీత పడినా కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. ఖనిజం బరువు మోయమంటుంది, కారు చోటిమ్మంటుంది. బరువుకు అలవాటుపడ్డ రైల్వేలకు ఈ తేడా ఒంటబట్టడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

అమెరికాలో మొదట్లో కార్లను మామూలు పెట్టె వ్యాగన్లలోనే పంపేవారు. చోటు చాలక 1930ల్లో లోపల ఇనుప చట్రాలు బిగించి, కొన్ని కార్లను ఏటవాలుగా పైకెత్తి, వాటి కింద ఇంకొన్ని దూర్చారు. ఎక్కించడానికీ దించడానికీ పెద్ద తతంగం. ఈలోగా లారీలు ఆ బేరాన్ని తన్నుకుపోయాయి. ఐరోపాలో 1950ల్లో ఫోక్స్‌వ్యాగన్ కార్ల కోసం రెండంతస్తుల వ్యాగన్లు వచ్చాయి. అమెరికాలో 1960 ప్రాంతంలో మూడంతస్తులవి రావడంతో పోయిన బేరం మళ్లీ రైలెక్కింది. బ్రిటన్ 1960ల్లో కార్టిక్-4 పేరుతో నాలుగు వ్యాగన్లను ఒకదానికొకటి కలిపి, మధ్యనున్న చక్రాల చట్రాలను (బోగీలను) ఉమ్మడిగా వాడింది.

దీని వెంటే బొమ్మలూ వచ్చాయి. ట్రయాంగ్ కంపెనీ చిన్న చిన్న మినిక్స్ కార్లతో కారు వ్యాగన్ బొమ్మను అమ్మింది. 1:76 కొలతలో నాలుగు మీటర్ల కారు అయిదు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. అలాంటి బొమ్మను చేతిలోకి తీసుకుంటే అసలు చిక్కు వెంటనే తెలిసిపోతుంది. కార్లు ఒక కొస నుంచి వరసగా ఎక్కాలి. మధ్యలో ఉన్నది కావాలంటే ముందున్నవన్నీ దిగాలి. పై అంతస్తు కాస్త ఎత్తితే సొరంగానికి తగులుతుంది, దించితే కింది కారు పట్టదు. ఇంజనీరు తల పట్టుకునే లెక్కే అది. పదేళ్ల పిల్లాడు కూడా నేల మీద కూర్చుని దాన్ని చూడగలడు.

సరుకుకు మరీ అతుక్కుపోయినా ముప్పే. 1970లో జనరల్ మోటార్స్, సదరన్ పసిఫిక్ రైల్వే కలిసి షెవర్లే వేగా కార్లను ముక్కు కిందికి పెట్టి నిలువునా వేలాడదీసే వ్యాగన్ తయారుచేశాయి. మూడంతస్తుల వ్యాగన్‌లో 18 పడితే, ఇందులో 30 పట్టాయి. తలకిందులైనా ఇంజన్ ఆయిల్ కారకుండా కారునే మార్చుకున్నారు. తెలివి అమోఘం. కాని వేగా తయారీ ఆగిపోయేసరికి ఆ వ్యాగన్‌కు పని లేకుండా పోయింది.

మన దేశం ఎదురు దారి పట్టింది. ప్రయాణికులను మోసి వయసు మీరిన పెట్టెల్లోంచి సీట్లు, ఫ్యాన్లు పీకేసి, కిటికీలు మూసి, రెండు కొసల్లో తలుపులు పెట్టారు. ఎన్ఎంజీ అని పిలిచే ఈ పెట్టెల్లో డ్రైవర్లు కార్లను ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడుపుకుంటూ పోయి నిలబెడతారు. అలాంటి రైలులో పట్టేవి 125 దాకా చిన్న కార్లు. తర్వాత వచ్చిన రెండంతస్తుల వ్యాగన్ల రైలులో 300 పైగా పడుతున్నాయి. ప్రైవేటు సంస్థలు వ్యాగన్లు సొంతంగా కొని నడుపుకోవచ్చని 2010లో రైల్వే దారి తెరిచింది. దేశంలో తయారయ్యే కార్లలో రైలెక్కేవి 2013-14లో నూటికి రెండు కూడా లేవు. 2024-25కి నూటికి ఇరవైనాలుగు దాటాయి. అనంతపురం సీమలో 2019లో మొదలైన కియా ఫ్యాక్టరీ కార్లు పెనుకొండ నుంచి ఉత్తరాదికి పోతున్నాయి. ఉత్తరాదిన తయారైన కార్లు దక్షిణాదికి వస్తున్నాయి. రెండు వైపులా సరుకు దొరికితే వ్యాగన్ ఖాళీగా తిరిగి రానక్కర్లేదు. లాభమంతా అక్కడుంది.

వ్యాగన్ ఒక్కటే సరిపోదని కొంకణ్ రైల్వే చూపించింది. 1999 నుంచి లారీలను రైలెక్కించి దిగ్విజయంగా నడిపిన ఆ సంస్థే 2025 ఆగస్టులో కోలాడ్ నుంచి గోవాలోని వెర్ణాకు జనం తమ సొంత కార్లతో ఎక్కే రైలు పెడితే, ఆశించినంత మంది రాలేదు. లారీ యజమానికి డీజిల్ ఆదా కనిపించింది. కుటుంబంతో వెళ్లేవాడు మాత్రం చార్జీ, వేచి ఉండే సమయం లెక్కేసుకున్నాడు.

సరుకుకు తగ్గట్టు బండిని మలచుకోవడం భిలాయికి కొత్త కాదు. 1960 నుంచి పట్టాలు తీస్తున్న మనం ఇప్పుడు 130 మీటర్ల పట్టాలు తీసి, రెండేసి అతికి 260 మీటర్లు చేసి పంపుతున్నాం. అంత పొడవు పట్టాకు ఒక వ్యాగన్ చాలదు. రైలు పొడవునా పరవాలి, మలుపులో వ్యాగన్ల వరసతో పాటే అదీ వంగాలి. సరుకు మారింది, బండి మారింది. చరోదా రైల్వే యార్డులో వ్యాగన్ల బాగోగులు చూసేవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ అనుభవం రిటైర్మెంట్ సన్మానంలో శాలువాతో పాటు ఇంటికి పోకూడదు. ఐఐటీ భిలాయి, దుర్గ్‌లోని ఇంజనీరింగ్ కాలేజీలు, రాయ్‌పూర్ వ్యాగన్ రిపేరు షాపు ఏటా ఫిబ్రవరి 4న కలిసి విద్యార్థులకు ఒక పోటీ పెట్టాలి: పోయేటప్పుడు కార్లు, వచ్చేటప్పుడు ఇంకో సరుకు మోసే వ్యాగన్‌ను నడిచే నమూనాగా చేసి చూపించండని. తీర్పు చెప్పే బల్ల దగ్గర ప్రొఫెసర్ల పక్కన యార్డు ఫిట్టరుకూ ఒక కుర్చీ వేయాలి.