రాత్రి లోకమ్.. పగలు ఓపీ

మా ఓపీ ఉదయం తొమ్మిదింటికి మొదలవుతుంది. ఈమధ్య ఒకరోజు కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన కుర్ర డాక్టర్ నా పక్కన కూర్చుని బీపీ చూస్తూనే కునికిపాట్లు పడ్డాడు. ఏమయ్యా అంటే, 'సార్, రాత్రి లోకమ్ ఉండింది' అన్నాడు. లోకమ్ అంటే మన లోకం కాదు, లాటిన్ మాట. సెలవు పెట్టిన డాక్టరు బదులు తాత్కాలికంగా పనిచేయడం. మన ఊళ్లలో అది మెల్లగా నర్సింగ్‌హోముల్లో నైట్ డ్యూటీకి మరో పేరైంది.

అతణ్ని కోప్పడలేకపోయాను. ఇరవై ఏళ్ల కిందట నేనూ చేశాను. ఎంబీబీఎస్ అయ్యాక ఇంట్లో డబ్బులడగడానికి మొహం చెల్లక, పీజీ ఎంట్రన్స్‌కి చదువుకుంటూ వారానికి నాలుగు రాత్రులు వెళ్లేవాణ్ని. పుస్తకం తెరిస్తే పేజీ తిప్పేలోపు తలుపు కొట్టేవారు. ఒకసారి తెల్లవారుజామున షుగర్ పేషెంటుకు ఇన్సులిన్ నాలుగు యూనిట్లు రాశాను. అంకె పక్కన పొడిగా పెట్టిన 'యు' అక్షరం సున్నాలా పడింది. సిస్టర్ కేస్‌షీట్ పట్టుకొచ్చి, 'సార్, నాలుగా, నలభయ్యా?' అని అడిగారు. ఆవిడ అడక్కపోయుంటే? అప్పట్నుంచి 'యూనిట్లు' అని పూర్తిగానే రాస్తున్నాను.

వరుసగా 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి చురుకుదనం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన దగ్గర 30 దాటితే బండి నడపడం నేరం. ప్రిస్క్రిప్షన్ రాసేవాళ్లకు మాత్రం బ్రీత్ ఎనలైజర్ లేదు. రాత్రి ఎనిమిదికల్లా తినేయండని పేషెంట్లకు చెప్పే మేం అర్ధరాత్రి బిర్యానీ పార్సిల్ విప్పుతాం. ముప్పై ఐదేళ్లకే బీపీ మాత్రలు మొదలుపెట్టిన నా తోటివాళ్లు కొందరున్నారు.

లోకమ్ చెడ్డదని అనను. చంటిపిల్లలున్న లేడీ డాక్టర్లకు, రిటైరైనవాళ్లకు వీలైన రోజులే పనిచేసే స్వేచ్ఛ అది. వేరే ఉద్యోగం మీద దాన్ని పేర్చినప్పుడే చిక్కు. రెసిడెంట్లకు మామూలుగా 12 గంటలకు మించి ఏకధాటి డ్యూటీ ఉండొద్దని కేంద్రం 1992లోనే చెప్పింది. కానీ పగలు ఒకచోట, రాత్రి ఇంకోచోట చేసేవాడి గంటలు ఎవరు కూడతారు? ఎవరి రిజిస్టర్ వాళ్లది. రెండిట్లోనూ అతను ఫ్రెష్‌గా వచ్చినట్టే లెక్క. పైగా కొత్త చోట ఎమర్జెన్సీ మందుల ట్రాలీ ఎక్కడుందో, అర్ధరాత్రి ఏ స్పెషలిస్టుకు ఫోన్ చేయాలో తెలియదు. జబ్బు చేస్తే సెలవు లేదు, రాని రోజుకు డబ్బు లేదు.

డ్యూటీ ఇచ్చేముందు 'ఇంతకుముందు డ్యూటీ ఎప్పుడు దిగారు?' అని యాజమాన్యం అడిగి రాసుకోవడానికి ఖర్చేమీ కాదు. రాత్రి డాక్టరు పొద్దున వచ్చేవాళ్లకు పేషెంట్లను అప్పగించి వెళ్లడానికి పావుగంట చాలు. ఇక మా సర్కారు వైపు తప్పూ ఉంది. ఆ అబ్బాయికి మూడు నెలలుగా జీతం పడలేదట. మరి అతనేం చేస్తాడు?

ఓపీ నేను చూసుకుంటానని చెప్పి అతణ్ని డ్యూటీ రూమ్‌కి పంపాను. రెండు గంటలు పడుకుని లేచొచ్చి ఫోన్ చూసుకున్నాడు. 'సార్, ఇవాళ రాత్రి కూడా ఉంది. రానంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు' అన్నాడు.