మకుటము ముద్ర మాత్రమేనా?

ప్రాచ్యకళాశాలల పరీక్షలలో పద్యపాదము నిచ్చి గణవిభజన చేయుమనుట పరిపాటి. విద్యార్థి గురులఘువులు గుర్తించి, యతిస్థానము చూపి, వృత్తనామము వ్రాసి పూర్తి మార్కులు గొనుచున్నాడు. ఇది లెక్కయే గాని ఛందోవిమర్శ గాదు. ఆ కట్టుబాటు కవిచేత ఏమి చేయించినదో చెప్పిననాడు గదా విమర్శ!

మా గూడూరునుండి రేణిగుంట పోవు రైలుమార్గముననే శ్రీకాళహస్తి యున్నది. ఆ స్వామిపై ధూర్జటి చెప్పిన శతకము శార్దూల మత్తేభములలో నడచినది. దాని మకుటమును కేవలము సంబోధనగా చెప్పి విడిచిపెట్టుట తరగతులలో వాడుక.

‘శ్రీకాళహస్తీశ్వరా’ అనునది ఏడక్షరములు: రెండు తగణములు, ఒక గురువు. శార్దూలమున 13వ యక్షరము మొదలు పాదాంతము వఱకు నడక సరిగా నిదియే. మత్తేభమున గణనామములు వేఱైనను 14వ యక్షరమునుండి మిగులు నడకయు నిదియే. ఉత్పల చంపకముల పాదాంతమున దీనికి చోటు లేదు. దాశరథి శతక మకుటమో, 11 అక్షరములది; ఉత్పలమున 10వ, చంపకమున 11వ యక్షరమునుండి పాదాంతమునకు సరిపోవును. మకుటము కుదిరినప్పుడే వృత్తములును కుదిరినవి.

సంస్కృతమున యతి యనగా విరామము. శార్దూలమునకు వృత్తరత్నాకరము 12, 7 అక్షరములపై దానిని విధించినది. తెలుగున యతి యక్షరమైత్రి. పదము విఱుగ నక్కఱలేదు, యతిస్థానమును దాటి సాగుటయే తఱచు సొగసు. మకుటమున్న నాలవ పాదమున మాత్రము రెండు యతులును ఒక్కచోట గలియును.

ఇక కవికి గల యిఱుకు చూడుడు. నాలవ పాదాద్యక్షరము ‘శ్రీ’తో మైత్రి గలది కావలెను: చ ఛ జ ఝ శ ష స లలో నొకటి, లేదా సంయుక్తయతిచే రేఫము, అదియు ఇ ఈ ఎ ఏ ఋ స్వరములతోనే. రెండవ యక్షరము మొదటి పాదముననే ప్రాసచే బద్ధము. శార్దూలమైనచో మూడు గురువులతో మొదలు కావలెను: సేవింపన్, చిత్తంబున్, జీవాత్ముండు. మత్తేభమైనచో సగణముతో: సిరులన్, చెలిమిన్, శివునిన్. రాజులను అంతగా నిందించిన కవికి నాలవ పాదమును ‘రాజుల్’ అని యారంభించుటకు వీలే లేదు! పద్యము ఏ నిందతో, ఏ మొఱతో మొదలైనను ఈ సన్నని త్రోవనే స్వామిని చేరవలెను. చదువరికి ఆ నిర్బంధము దోపకుండుట ధూర్జటి శక్తి.

శతకమునందలి నాలవ పాదాద్యపదముల నన్నిటిని పట్టిక వేయించి, ఏ మాటలు మరల మరల వచ్చినవో, ఏ ప్రాసల యెడ కవి త్రోవ మార్చినాడో పరిశోధకులచే చూపింపవలెను. గణవిభజనకు రెండు మార్కులు చాలును.