మంట లేస్తే ఊరికి ముందుగా చెప్పేది ఎవరు?

2026 జనవరి 5, సోమవారం మధ్యాహ్నం. కోనసీమ జిల్లా మలికిపురం మండలం ఇరుసుమండలో ఓఎన్‌జీసీకి చెందిన మోరి-5 బావి నుంచి గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నింది. కాసేపటికే మంటలు. కొబ్బరి చెట్ల పైన లేచిన ఆ మంట వీడియో హైదరాబాద్, బెంగళూరు ఫోన్లకు చేరడానికి పెద్దగా సమయం పట్టలేదు. కానీ ఆ ఊరివాళ్లకు అప్పుడు కావాల్సింది వీడియో కాదు. ‘పొయ్యి వెలిగించకండి, కరెంటు స్విచ్ వేయకండి, ఇళ్లు వదిలి రండి’ అనే మాట. ఆ మాట చెప్పింది మైకు.

స్మార్ట్‌ఫోన్ లేని ఇల్లు అరుదైన ఈ రోజుల్లోనూ మైకు మీదే ఎందుకు ఆధారపడాల్సి వచ్చింది? మండపేట, రాయవరం, అమలాపురం, రాజోలు వైపు సొంత ఊళ్లున్నవాళ్లందరికీ ఇది సంబంధించిన ప్రశ్నే.

డెల్టాలో మంటలేంటి?

గోదావరి జిల్లాలంటే వరదలు, తుపాన్లే గుర్తొస్తాయి. నిజానికి ఇక్కడ నిప్పు భయం తక్కువేమీ కాదు. అడవులు తగలబడే కాలిఫోర్నియా, కెనడా తరహా కార్చిచ్చు ఇక్కడ ఉండదు. మారేడుమిల్లి, రంపచోడవరం కొండల్లో వేసవిలో అడవి అంటుకోవడం మామూలే కానీ, అది డెల్టా బయటి సంగతి. డెల్టాలో నిప్పు వచ్చే దారులు వేరు: నేల కింద గ్యాస్, బాణసంచా తయారీ కేంద్రాలు, దాళ్వా కోతలయ్యాక తగలబెట్టే గడ్డి, ఎండాకాలంలో తాటాకిళ్లు.

మండపేటకు ఈ గ్యాస్‌తో పేరులోనే సంబంధం ఉంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ దొరికే ఒక లోతైన రాతిపొరను భూగర్భ శాస్త్రవేత్తలు ‘మండపేట ఇసుకరాయి’ అంటారు. ఊరి చుట్టుపక్కల ఓఎన్‌జీసీ బావులున్నాయి. ఇక బాణసంచా సంగతి. 2025 అక్టోబర్ 8న, దీపావళికి రెండు వారాల ముందు, పక్కనే ఉన్న రాయవరం మండలంలోని తయారీ కేంద్రంలో పేలుడు జరిగి ఆ రోజే ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది.

వరదకు అంకెలున్నాయి, మంటకు లేవు

ఈ ప్రాంతపు హెచ్చరిక వ్యవస్థ మొత్తం వరద కోసం తయారైంది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ఒకటి, రెండు, మూడు ప్రమాద హెచ్చరికలు. లంకల్లో చదువు రాని పెద్దవాళ్లకు కూడా ఈ లెక్క నోటికి వచ్చు. భద్రాచలంలో నీరు పెరిగిందని రేడియోలో వింటే, అది ఇక్కడికి వచ్చేలోగా గొడ్లను గట్టెక్కించేవారు. అంటే వార్త నీటికంటే ముందు వచ్చేది.

మంట విషయంలో ఆ వ్యవధి ఉండదు. 2014 జూన్ 27 నాటి నగరం గ్రామం ఇందుకు ఉదాహరణ. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రం వైపు వెళ్లే 18 అంగుళాల గెయిల్ పైపులైను తుప్పుపట్టి లీకైంది. తెల్లవారుజామున గ్యాస్ మంచులా ఊరిని కమ్మింది. ఎవరో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో చెప్పారు. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ వెళ్లాల్సిన పైపులో తడి గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని తర్వాత విచారణలో తేలింది.

అయితే మన అంశానికి సంబంధించిన మాట వేరే ఉంది. వాసన వస్తోందని తాము అంతకుముందే చెప్పామని గ్రామస్థులు అన్నారు. అంటే సమాచారం ఊళ్లోనే ఉంది. అది పైకి వెళ్లలేదు, వెళ్లినా హెచ్చరికగా మారి తిరిగి కిందికి రాలేదు. హెచ్చరిక అంటే పైనుంచి కిందికి వచ్చేదే అనుకుంటాం కానీ, గ్యాస్ విషయంలో మొదటి కబురు వీధిలోంచే మొదలవుతుంది.

పేపరు నుంచి గ్రూపు దాకా

1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర బావి అంటుకుంది. రెండు నెలలకు పైగా మండింది. అప్పట్లో తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా చానళ్లు లేవు. ఈటీవీ మొదలైంది అదే ఏడాది ఆగస్టులో, అంటే మంట ఆరిన ఐదు నెలలకు. దూరదర్శన్, ఆకాశవాణి, మర్నాటి పొద్దున వచ్చే పత్రిక, అంతే. ఊళ్లో చెప్పాల్సింది ఉంటే టముకు వేసేవాళ్లు, లేదా రిక్షాకు మైకు కట్టేవాళ్లు.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మండలానికో విలేకరి వచ్చారు. గడ్డివాము తగలబడినా జిల్లా పేజీలో రెండు ముక్కలు పడేవి. ఆ చిన్న వార్తకు పెద్ద ఉపయోగమే ఉండేది. ఫలానా ఊళ్లో ఇన్ని ఇళ్లు కాలాయని అచ్చులో వస్తే తహసీల్దార్ ఆఫీసులో పని కదిలేది. తర్వాత కేబుల్ టీవీ స్క్రోలింగులు, 2004 నుంచి 24 గంటల వార్తా చానళ్లు వచ్చాయి. ఇప్పుడు వే2న్యూస్, లోకల్ లాంటి యాప్‌లు, వాటిని మించి ఊరి వాట్సాప్ గ్రూపులు.

వేగం పెరిగింది, నిజమే. కానీ గ్రూపులో వచ్చేది ఎక్కువగా దృశ్యం, సూచన కాదు. ‘ఎక్కడ, ఎప్పుడు, ఎటు వెళ్లాలి’ అనే మూడు ముక్కలు అందులో ఉండవు. మా డెస్కు అనుభవం చెప్పాలంటే, ఎక్కడ మంట లేచినా మొదటి పావుగంట పాత వీడియోలను ఏరిపారేయడానికే సరిపోతుంది. ఒకే మంట మూడు జిల్లాల పేర్లతో తిరుగుతుంది. పైగా 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి తూర్పు గోదావరి ముక్కలైనప్పటి నుంచి, మండపేట వార్త ఏ పేజీలో వెతకాలో పాత పాఠకులకే తికమక.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. 2023 ఆగస్టులో కెనడాలోని ఎల్లోనైఫ్ పట్టణాన్ని కార్చిచ్చు వల్ల ఖాళీ చేయించారు. సుమారు 20 వేల మంది కదిలారు. వార్తా చట్టం మీద గొడవతో మెటా సంస్థ ఆ నెల నుంచే ఫేస్‌బుక్‌లో వార్తల లింకులు ఆపేసింది. జనం వార్తల స్క్రీన్‌షాట్లు తీసి పంచుకోవాల్సి వచ్చింది. అదే నెలలో హవాయిలోని లహైనా కాలిపోయి 100 మందికి పైగా చనిపోయారు. అక్కడ సైరన్లు ఉన్నాయి, మోగించలేదు.

మరి ఫోన్‌కు ప్రభుత్వ హెచ్చరిక రాదా?

వచ్చే ఏర్పాటు ఉంది. 2023లో చాలామంది ఫోన్లు పెద్దగా మోగి ‘ఇది పరీక్ష’ అని సందేశం వచ్చింది గుర్తుందా? దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. దీనికి మీ నంబరు అక్కర్లేదు. ఫలానా టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళ్తుంది, సైలెంట్‌లో ఉన్నా మోగేలా పంపొచ్చు. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆపేసి ఉంటే మాత్రం కొన్ని రావు, ఒకసారి చూసుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ యాప్ కూడా ఉంది. పిడుగుల హెచ్చరికలు మన ఫోన్లకు ఇప్పటికే వస్తున్నాయి.

చిక్కంతా ఆ సందేశం పంపమని చెప్పేవారి దగ్గరుంది. తుపానుకు వాతావరణ శాఖ ఉంది, వరదకు కేంద్ర జల సంఘం ఉంది. గ్యాస్ లీకైతే ముందు కంపెనీ ఒప్పుకోవాలి, తర్వాత జిల్లా యంత్రాంగానికి చెప్పాలి, అక్కడి నుంచి రాష్ట్ర విపత్తుల సంస్థకు, ఆపై టెలికాం కంపెనీలకు. ఈ మెట్లన్నీ ఎక్కేలోపు మైకు పట్టుకున్న మనిషి రెండు వీధులు తిరిగేస్తాడు. అందుకే మైకును పాతకాలపు వస్తువని తీసిపారేయలేం. సైరన్, మైకు, సెల్ బ్రాడ్‌కాస్ట్ మూడూ ఒకే కంట్రోల్ రూమ్ చేతిలో ఉంటే తప్ప వేగంగా కుదరదు. బావులు, పైపులైన్లు ఉన్న మండలాల్లోనైనా ముందు అది చేయాలి.

వాసన వస్తే ఏం చేయాలి?

ఇంట్లో స్విచ్‌లు వేయకూడదు, ఆపకూడదు కూడా. బండి స్టార్ట్ చేయకూడదు. గ్యాస్ ఉన్న చోట ఫోన్ కూడా వాడొద్దు. కాబట్టి ముందు నడవాలి, గాలి వీస్తున్న దిశకు అడ్డంగా, దూరంగా. తర్వాతే డయల్ చేయాలి. అగ్నిమాపక శాఖకు 101, ఏ అత్యవసరానికైనా 112. పైపులైను వెళ్లే దారిలో నిలబెట్టిన గుర్తు రాళ్లు, బోర్డుల మీద ఆ కంపెనీ అత్యవసర నంబరు ఉంటుంది. పొలంలో అలాంటి బోర్డు ఉంటే ఆ నంబరు ఇప్పుడే ఫోన్‌లో దాచుకోవడం మంచిది. 1962 నాటి చట్టం ప్రకారం పైపు వెళ్లే భూమి రైతుదే, కానీ ఆ పట్టీలో ఇల్లు కట్టడం, చెరువు తవ్వడం, చెట్లు నాటడం కుదరదు.

ఇల్లు కాలితే సాయం అడగొచ్చు. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో అగ్నిప్రమాదం ఉంది. సంఘటన స్థలంలో రెవెన్యూ సిబ్బంది పంచనామా రాయడం ఇందులో ముఖ్యం. అది కాకముందే శిథిలాలు ఎత్తేస్తే తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు. ఫొటోలు తీసి పెట్టుకోండి.

నగరాల్లో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నలను వదిలి వచ్చినవాళ్లకు ఒక్క విషయం. గ్రూపులో మంట వీడియో చూసి హైదరాబాద్ నుంచి 112కి ఫోన్ చేస్తే అది తెలంగాణ కంట్రోల్ రూమ్‌కు వెళ్తుంది, ఆంధ్రప్రదేశ్‌కు కాదు. 101 పరిస్థితీ ఇంతే. అందుకని దగ్గరి ఫైర్ స్టేషన్, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌ల ల్యాండ్‌లైన్ నంబర్లు ఎస్టీడీ కోడ్‌తో సహా సేవ్ చేసుకోవాలి. వాటితో పాటు ఆ వీధిలో ఎప్పుడూ ఇంటిపట్టునే ఉండే ఒకరి నంబరు కూడా.