మద్దెల ఓడా? ఆట ఓడా?

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని సామెత. తన చేతగానితనాన్ని పనిముట్టు మీదకు నెట్టేవారిని ఎత్తిపొడవటానికి పుట్టిన మాట అది. కాని ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడైతే? ఆ సంగతి తేల్చేదెట్లా? ఈ ప్రశ్నకు అంగుళాలలోనూ, డిగ్రీలలోనూ సమాధానం వెదకుకున్న ఆట ఒకటి ఉన్నది. దాని పేరు ఫ్లాట్‌లాండ్.

గుట్టలు గాని, ఏటవాలు బల్లలు గాని లేని చదునైన నేల మీద, 20 అంగుళాల చక్రాలున్న చిన్న సైకిలుతో చేసే విన్యాసమిది. ఎత్తుకు ఎగరటం, దూరం దూకటం దీని లక్ష్యం కాదు. ఆటగాడు పెడళ్లను విడిచిపెట్టి, ఇరుసుల చివర బిగించిన లోహపు పెగ్గుల మీద నిలబడతాడు. ఒక చక్రాన్ని గాలిలోకి లేపి, రెండవ చక్రం మీద బొంగరంలా తిరుగుతాడు. హ్యాండిలును వెనుకకు తిప్పి, ఫ్రేము మీదుగా కాలు దాటించి, నేలకు పాదం ఆనించకుండా సైకిలు చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు. అమెరికాలో 1970 ప్రాంతంలో కాలిఫోర్నియా పిల్లలు మట్టిదారులలో పెట్టుకున్న పందాల నుంచి బి.ఎం.ఎక్స్. సైకిలు వెలసింది. 1980ల ద్వితీయార్ధంలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని యార్క్ పట్టణానికి చెందిన కెవిన్ జోన్స్ వంటివారు, ఆగి చేసే విద్యలను దొర్లుతూ చేసే విద్యలుగా మార్చివేశారు. 2019లో చైనాలోని చెంగ్డూ నగరంలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ప్రపంచ పోటీలలో ఫ్లాట్‌లాండ్‌కు తొలిసారిగా స్థానం లభించింది.

ఈ ఆటకు దిగిన ప్రతి యువకుడూ ఏదో ఒకనాడు ఒక సందేహానికి లోనవుతాడు. ఒకే విన్యాసానికి వందసార్లు పూనుకుంటాడు, వందసార్లూ పడతాడు. మోకాళ్లు దోక్కుపోతాయి. లోపం తనలో ఉన్నదా, సైకిలులో ఉన్నదా? తనలోనే ఉన్నదనుకొని, ఒంటికి సరిపడని సైకిలుతో ఏళ్లు వెళ్లబుచ్చి, చివరకు ఆట మానుకునేవారున్నారు. సైకిలులో ఉన్నదనుకొని, ఫ్రేము మీద ఫ్రేము కొని ఇల్లు గుల్ల చేసుకునేవారూ ఉన్నారు. ఈ రెండు పొరపాట్లకూ మందు ఒకటే. ఏ కొలత ఏ పని చేస్తుందో తెలుసుకోవటం.

మొదటిది పై కడ్డీ పొడవు. మన ఊళ్లలో పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టుకునే కడ్డీయే ఇది. వీధులలో దూకుతూ తిరిగే బి.ఎం.ఎక్స్. సైకిలుకు ఇది సుమారు 20½ నుంచి 21 అంగుళాలుంటే, ఫ్లాట్‌లాండ్ సైకిలుకు సాధారణంగా 20 అంగుళాలకు లోపే ఉంటుంది. పొట్టి ఫ్రేములో చేతికీ, కాలికీ అన్నీ అందుబాటులో ఉంటాయి. బరువు మధ్యకు చేరి ఉంటుంది గనుక సుడి వేగంగా తిరుగుతుంది. చేతులు చాపి తిరిగే నర్తకి, చేతులు ముడవగానే వేగం పెరగటం ఇటువంటిదే. అయితే పొడగరికి ఇదే ఫ్రేము ఇరుకు జైలు. మోకాలు హ్యాండిలుకు తగులుతుంది, కాలు దాటించటానికి చోటు చాలదు. కనుక పొట్టిదే మేలైనదనటం పొరపాటు; ఒంటికి తగినదే మేలైనది.

రెండవది పెడళ్ల ఇరుసుకూ, వెనుక చక్రం ఇరుసుకూ మధ్య దూరం. ఇది తగ్గినకొద్దీ ముందు చక్రం తేలికగా లేస్తుంది. కాని అంత తేలికగానూ ఆటగాణ్ణి వెల్లకిలా పడవేస్తుంది. దూరం ఎక్కువైతే లేపటం కష్టం. లేచిన తరువాత మాత్రం సైకిలు నిదానంగా కదులుతుంది, తప్పు దిద్దుకోవటానికి ఒక క్షణం వ్యవధి ఇస్తుంది.

మూడవది అన్నిటికన్న సూక్ష్మమైనది. హ్యాండిలు తిరిగే గొట్టం నిట్టనిలువుగా ఉండదు. కొద్దిగా వెనుకకు వాలి ఉంటుంది. పాతకాలపు 28 అంగుళాల సైకిలుకు ఆ కోణం 70 డిగ్రీలకు లోపు. ఫ్లాట్‌లాండ్ సైకిలుకు 75 డిగ్రీలకు అటూ ఇటూ. ఆ గొట్టపు గీతను నేల వరకు పొడిగిస్తే, చక్రం నేలను తాకే చోటుకన్న కొంచెం ముందుకు పడుతుంది. ఈ ఎడం వల్లనే చక్రం దారిని అనుసరిస్తుంది. ఆసుపత్రి మంచం కాళ్లకుండే చిన్న చక్రాలు తోసిన వైపుకు తిరగటానికి కూడా ఇటువంటి ఎడమే కారణం.

ఇక్కడ కాస్త లెక్క అవసరం. చక్రం వ్యాసార్ధం 250 మిల్లీమీటర్లు, కోణం 75 డిగ్రీలు అనుకుందాం. ఫోర్కు ఇరుసు ఆ గీతకు 32 మిల్లీమీటర్లు ముందుకు ఉంటే, ఎడం సుమారు 34 మిల్లీమీటర్లు. హ్యాండిలును పూర్తిగా వెనుకకు తిప్పితే అదే ఎడం 100 మిల్లీమీటర్లవుతుంది. పైగా చక్రాల మధ్య దూరం 6 సెంటీమీటర్ల మేర తగ్గుతుంది. అనగా విన్యాసం మధ్యలో ఆటగాడి కాళ్ల కింద సైకిలే మారిపోతున్నదన్నమాట. ఇరుసును సరిగ్గా గీత మీదనే ఉంచితే, ముందుకు తిప్పినా వెనుకకు తిప్పినా ఎడం 67 మిల్లీమీటర్లే. ఎందరో ఫ్లాట్‌లాండ్ ఆటగాళ్లు అటువంటి ఫోర్కును కోరుకోవటంలోని మర్మమిదే.

ఫోర్కు తిప్పటంలోని విశేషాన్ని 1970లోనే డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు ‘ఫిజిక్స్ టుడే’ పత్రికలో వివరించాడు. తొక్కటానికి సాధ్యంకాని సైకిలును తయారుచేయాలని బయలుదేరి, ఆయన ఒక ప్రయోగంలో ఫోర్కును వెనుకకు తిప్పి బిగించాడు. పడిపోవటానికి బదులు ఆ సైకిలు మరింత స్థిరంగా నడిచింది! స్థిరత్వానికి మూలం ఆ ఎడమేనని ఆయన తేల్చాడు. కాని 2011లో ‘సైన్స్’ పత్రికలో మరికొందరు పరిశోధకులు, ఆ ఎడం లేకపోయినా, చక్రాల భ్రమణ ప్రభావం లేకపోయినా తనంత తానే నిలిచి పరుగెత్తే సైకిలును నిర్మించి చూపారు. సైకిలు నిలకడ ఏ ఒక్క కొలత సొత్తూ కాదని దీనితో రుజువైంది.

ఆటగాడు గ్రహించవలసినదీ ఇదే. డబ్బు ఖర్చు కాని మార్పులు ముందు చేసి చూడాలి. సీటు దించటం, హ్యాండిలును వేలెడు ముందుకో వెనుకకో వంచటం, టైరులో అది తట్టుకునే మేరకు గాలి గట్టిగా నింపటం. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. దానికి కొన్ని వారాల సాధన ఇవ్వాలి. అప్పటికీ ప్రతిసారీ ఒకే చోట మోకాలు తగులుతున్నా, ఒకే వైపుకు సైకిలు తూలుతున్నా, అప్పుడు టేపు తీసి కొలవాలి. పడటంలో ఒక పద్ధతి కనబడితే లోపం సైకిలులో ఉండవచ్చు. ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా పడుతుంటే అది సాధనలోని కొరత.

మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు వాద్యాన్ని శ్రుతి చేసుకుంటాడు. దానిని ఎవరూ సాకు అనరు. శ్రుతి కుదిరిన తరువాత కూడా తాళం తప్పితే మాత్రం, మద్దెలను నిందించే హక్కు ఎవరికీ లేదు.