సన్ ఫిల్మ్ బుడగలు "సెట్ అయితయ్ అన్నా" అంటే నమ్మేయకండి!

ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేయించుకున్నప్పుడు లోపల ఒక్క దుమ్ము రేణువు కనిపించినా చాలు, "తీసి ఇంకోటి వెయ్యన్నా" అని షాపులోనే కూర్చుంటాం. అక్కడ పోయేది నూటయాభై రూపాయలు. అదే మనం కార్‌కి వేలు పోసి సన్ ఫిల్మ్ వేయించి, వెనక అద్దం నిండా బుడగలు కనిపిస్తున్నా "పదిహేను రోజుల్ల సెట్ అయితది అన్నా, టెన్షన్ తీస్కోకు" అనే ఒక్క మాటకి తలూపి బయటికి వచ్చేస్తాం. నేనూ అలాగే వచ్చేశాను. ఆ తలూపినందుకు ఇప్పటికీ కడుతూనే ఉన్నా.

సంగతేంటంటే, మే నెల ఎండలకి నాన్న కార్‌లో స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలిపోతోంది. ఎలాగూ ఇంట్లో "టెక్నాలజీ వాడివి నువ్వే కదరా" అనే పేరు ఉంది కాబట్టి ఆ పని నాకు అప్పజెప్పారు. నేను రెండు వారాలు కూర్చుని ఫిల్మ్‌ల స్పెసిఫికేషన్లు చదివాను. డైడ్ ఫిల్మ్ అయితే కొన్నేళ్లకి రంగు మారి వంకాయ రంగులోకి దిగుతుంది, మెటల్ పొర ఉన్నది అయితే జీపీఎస్, ఫాస్టాగ్ లాంటి సిగ్నల్స్‌కి అడ్డం పడొచ్చు, సిరామిక్ అయితే ఆ గొడవ లేదు. సరే, సిరామిక్ ఫిక్స్.

హైదరాబాద్‌లో ఒక కార్ డెకార్ షాపుకి వెళ్తే ఎర్రటి లైట్ వెలిగించి, మధ్యలో ఫిల్మ్ పెట్టి, "చెయ్యి పెట్టి చూడన్నా" అన్నారు. నిజంగానే వేడి తగల్లేదు. 99 శాతం ఐఆర్ రిజెక్షన్ అని బోర్డు కూడా ఉంది. ఇలాంటి నంబర్లు మనకి కొత్తా? ఫోన్ బాక్స్ మీద పీక్ బ్రైట్‌నెస్ ఎన్ని వేల నిట్స్ అని రాస్తారో చూశాం కదా, అది స్క్రీన్‌లో చిన్న ముక్కలో, కాసేపు మాత్రమే వచ్చే వెలుగు. ఇదీ అంతే. ఆ ల్యాంప్ ఇచ్చేది దాదాపు అంతా ఇన్‌ఫ్రారెడ్. ఎండలో సగానికి దగ్గరగా కంటికి కనిపించే వెలుగే ఉంటుంది, అది కూడా లోపలికి వచ్చి వేడిగా మారుతుంది. పైగా ఆ 99 అనేది చాలాసార్లు ఏదో ఒక ఇరుకు వేవ్‌లెంగ్త్ దగ్గర కొలిచింది. చూడాల్సింది టీఎస్ఈఆర్, అంటే మొత్తం సూర్యశక్తిలో ఎంత ఆపుతోంది అనే నంబర్. అది బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండదు, ఎందుకంటే ఎప్పుడూ ఆ 99 కంటే బాగా తక్కువే కాబట్టి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి మంచి ఫిల్మే తీసుకున్నా. కానీ అతికించేవాళ్ల పని మాత్రం ఒక్క నిమిషం కూడా చూడలేదు. నా అభిప్రాయం ఇదే: సన్ ఫిల్మ్ విషయంలో రోల్ సగం ప్రోడక్టే, మిగతా సగం అతికించే చెయ్యి. ఆ రెండో సగానికి స్పెక్ షీట్ ఉండదు, అందుకే మనలాంటి స్పెక్ పిచ్చోళ్లే ముందు మోసపోతాం.

నా కార్‌కి పని జరిగింది రోడ్డు పక్కన రేకుల షెడ్‌లో. పక్కనే బస్సులు, ఎదురుగా ఫుల్ స్పీడ్‌లో పెడస్టల్ ఫ్యాన్. ఆ దుమ్ము ఎక్కడికి వెళ్తుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు అసలు విషయం. "సెట్ అయితది" అనేది పూర్తి అబద్ధం కాదు, అందుకే అంత ప్రమాదకరం. ఫిల్మ్‌ని సబ్బు నీళ్లతో జార్చి అతికిస్తారు, తర్వాత స్క్వీజీతో నీళ్లు బయటికి లాగుతారు. ఎంత లాగినా కొంచెం నీరు మిగులుతుంది. అందుకే మొదటి రోజుల్లో మసకగా కనిపించడం, చిన్న చిన్న నీటి బొట్లు ఉండటం మామూలే. ఎండాకాలంలో కొద్ది రోజుల్లో, వానాకాలంలో ఇంకొన్ని వారాల్లో ఆరిపోతాయి. అద్దం పై అంచున మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండటం కూడా తప్పు కాదు, నిండా అంచుదాకా అతికిస్తే అద్దం దించినప్పుడు లేచిపోతుంది.

కానీ వేలితో తాకితే గరుకుగా తగిలి, మధ్యలో చుక్క ఉండే బుడగ ఉంటుంది చూశారా, అది దుమ్ము. అది ఈ జన్మకి సెట్ అవ్వదు. ముడత పడి గీతలా మడిచిపోయినా అంతే. వెనక అద్దం వంపు దగ్గర వేళ్లలా లేచి నిలబడ్డవి అంటే హీట్ గన్‌తో సరిగ్గా ష్రింక్ చెయ్యలేదని అర్థం. వంపు ఉన్న అద్దానికి ఫిల్మ్‌ని ముందు బయటవైపు పరిచి, వేడితో ఆ ఆకారానికి తెచ్చి, అంచులు కట్ చేసి, అప్పుడు లోపలికి మార్చాలి. నా కార్‌కి ఆ ఓపిక ఎవరికీ లేదు.

మూడు వారాలు ఆగి మళ్లీ వెళ్లాను. కాసేపు వాదన, తర్వాత "సరే అన్నా, వెనకది ఫ్రీగా మార్చి ఇస్తా" అన్నారు. గెలిచాననుకున్నా! వాళ్లు ఫిల్మ్ పీకారు. గమ్ము అద్దానికి అతుక్కుపోతే బ్లేడు తీసుకుని పరపరా గీకేశారు. నేను ఫోన్‌లో రీల్స్ చూస్తున్నా.

జూలైలో నాన్న, నేను విజయవాడ బయల్దేరాం. సూర్యాపేట దాటాక కుండపోత వాన, రాత్రి. వెనక అద్దం ఆవిరి పట్టేసింది. డీఫాగర్ ఆన్ చేస్తే పైన మూడు గీతల దగ్గర మాత్రమే క్లియర్ అయింది, కింద అంతా తెల్లగా పొగ. వెనక లారీ హెడ్‌లైట్లు ఆ మిగిలిన ముడతల్లో పడి చెదిరిపోతుంటే, అది ఒక బండో రెండు బండ్లో కూడా నాన్నకి అర్థం కాలేదు. లేన్ మారాలంటే నేను కిటికీ దించి తల బయటపెట్టి చూసి చెప్పాల్సి వచ్చింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

డీఫాగర్ గీతలు అద్దం లోపలివైపు ప్రింట్ చేసిన సన్నటి కండక్టర్లు. బ్లేడు తగిలితే తెగిపోతాయి, తెగిన గీత మొత్తం వేడెక్కడం మానేస్తుంది. కొన్ని కార్లలో రేడియో యాంటెన్నా కూడా అక్కడే ఉంటుంది. వెనక ఫిల్మ్‌ని స్టీమ్ పెట్టి, గమ్ము మెత్తబడ్డాక మెల్లగా లాగాలి, బ్లేడు దగ్గరికి రానివ్వకూడదు. ఒకటీ అరా తెగితే కండక్టివ్ పెయింట్‌తో అతికించొచ్చు. నాకు ఐదు పోయాయి.

అదే ట్రిప్‌లో ఇంకో చిన్న కామెడీ. పంతంగి టోల్ దగ్గర ఫాస్టాగ్ స్కాన్ అవ్వలేదు. ముందు అద్దానికి ఫిల్మ్ వెయ్యడానికి ట్యాగ్ పీకి, టేపుతో మళ్లీ అంటించారు మహానుభావులు. ఫాస్టాగ్ తయారుచేసేదే ఒకసారి పీకితే పాడయ్యేలా! కొత్త ట్యాగ్ మన ఖర్చే. ఏడాస్ కెమెరా, రెయిన్ సెన్సర్ ఉన్న కార్లయితే వాటి ముందు ఫిల్మ్ కట్ చేసి వదిలేశారో లేదో కూడా చూసుకోండి.

తర్వాత వేరే షాపులో మీటర్ పెట్టి చూస్తే అసలు షాక్. మోటార్ వాహనాల రూల్ 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి. నాకు "50 ఫిల్మ్ లీగల్ అన్నా" అని అమ్మారు. కానీ కంపెనీ అద్దమే 76 శాతం ఇస్తోంది. దాని మీద 50 ఫిల్మ్ వేస్తే 38. ముందు అద్దం 79, దాని మీద 70 ఫిల్మ్, మొత్తం 55. రెండూ ఇల్లీగలే! ఈ గుణకారం నేను ముందే చెయ్యాల్సింది, తప్పు నాదే.

2012లో సుప్రీంకోర్టు అద్దాల మీద బ్లాక్ ఫిల్మ్‌లు అతికించడాన్నే ఆపేసింది. తర్వాత 2020లో రూల్‌ని మార్చి సేఫ్టీ గ్లేజింగ్‌ని చేర్చారు, 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు పరిమితి లోపల ఉన్న ఫిల్మ్‌కి జరిమానా వెయ్యకూడదంది. అది కేరళ తీర్పు. మన దగ్గర రోడ్డు మీద ఆపిన కానిస్టేబుల్ గారికి ఇవన్నీ వివరించేలోపు చలాన్ ఫోటో తీసేస్తారు. పరిమితి లోపల ఉంటేనే కనీసం వాదించడానికి ఒక మాట ఉంటుంది.

మీకూ ఇలా జరిగితే, షాపు నుంచి బండి తీసే ముందే నీడలో, వెనక నల్లటి గుడ్డ పట్టుకుని ప్రతి అద్దం ఫోటో తీయండి. డబ్బు మొత్తం ఇచ్చేయకండి, కొంత ఆపి పెట్టండి. బిల్లు మీద ఫిల్మ్ పేరు, వీఎల్‌టీ రాయించుకోండి. "సెట్ అయితది" అన్న మాటని వాట్సాప్‌లో రాయమనండి, ఎన్ని రోజుల్లో అనేది కూడా. రాయనంటే మీకు అక్కడే సమాధానం దొరికినట్టు. మళ్లీ చేస్తామంటే పక్కనే నిలబడండి, ముందు డీఫాగర్ పనిచేస్తోందని వీడియో తీసుకోండి. నా దగ్గర ఆ వీడియో లేదు. అందుకే "అది ముందే పోయి ఉంటది అన్నా" అంటే నోరు మూసుకోవాల్సి వచ్చింది. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది, 5 లక్షల లోపు కేసుకి జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు, కానీ ఎక్కడికెళ్లినా అడిగేది ఆ బిల్లూ ఆ ఫోటోలే.

ఫోన్ చేసి చేసి చివరికి సగం డబ్బు వెనక్కి వచ్చింది. పక్క అద్దాలకి ఇప్పుడు 70 ఫిల్మ్ ఉంది, మీటర్‌లో 53 చూపిస్తోంది. ముందు అద్దానికి, వెనక అద్దానికి ఏమీ వెయ్యలేదు. వెనక అద్దం మొత్తం మార్చడానికి కొటేషన్ తీసుకున్నా, వచ్చే వానాకాలం లోపు మార్పించాలి. అప్పటిదాకా రాత్రి వానలో నాన్నని ఆ కార్ తియ్యనివ్వట్లేదు.