చెప్పినట్టు వినే పాప

చాప్లిన్ ‘ది కిడ్’లో చిరిగిన టోపీ పెట్టుకున్న జాకీ కూగన్‌ని మనవాళ్లు కూడా గుర్తుపడతారు. అదే కాలంలో వెలిగిన బేబీ పెగ్గీ మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఆమె సినిమాలు చాలావరకు దొరకవు కూడా.

పెగ్గీ జీన్ మాంట్‌గోమరీ 1918లో పుట్టింది. తండ్రి జాక్ కౌబాయ్ సినిమాల్లో టామ్ మిక్స్‌కు డూపు. తల్లితో కలిసి హాలీవుడ్‌లో సెంచరీ స్టూడియోకు వెళ్లినప్పుడు ఆ పసిపిల్ల అల్లరి చేయకుండా కుదురుగా కూర్చుంది. అది దర్శకుడికి నచ్చింది. 1921 నుంచి బ్రౌనీ అనే కుక్కకు జోడీగా మూకీ హాస్యచిత్రాల్లో వేషాలు మొదలయ్యాయి. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పని. ఒక సినిమాకు స్పృహ తప్పేదాకా సముద్రపు నీళ్లలో ముంచారు. ఇంకోదానికి కాలుతున్న గదిలోంచి ఒంటరిగా బయటపడింది. పాప ఎదురు చెప్పేది కాదు. ఈ విజయమంతా తాను నేర్పిన క్రమశిక్షణ చలవేనని తండ్రి చెప్పుకునేవాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

1925లో నిర్మాతతో తండ్రికి గొడవైంది, దాంతో తార వెలుగు ఆరిపోయింది. లక్షల డాలర్ల సంపాదన పెద్దల చేతుల్లోనే కరిగింది. 1930లలో ఆమె ఎక్స్‌ట్రా వేషాలు వేసింది. అటు కూగన్ తన డబ్బు కోసం 1938లో కన్నతల్లి మీదే దావా వేశాడు. ఆ మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనకు రక్షణగా చట్టం వచ్చింది. పెగ్గీకి అది అందలేదు. డయానా సెర్రా కేరీ అన్న పేరుతో చరిత్రకారిణి అయి, కూగన్ జీవితకథ కూడా రాసింది. 2020లో, 101 ఏళ్ల వయసులో పోయింది.

మన దేశంలో 2017 నుంచి నిబంధనలున్నాయి. బాలనటులకు రోజుకు ఐదు గంటలకు మించి పని ఉండకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇష్టం లేని పిల్లల చేత నటింపజేయకూడదనీ ఉంది. గంటలు లెక్కపెట్టొచ్చు, డిపాజిట్ రసీదు చూడొచ్చు. “నీకిష్టమేనా కన్నా?” అని ఆ పిల్లను అడగాల్సింది మాత్రం అమ్మానాన్నలే. చెప్పినట్టు వింటుందని వేషం ఇప్పించిందీ వాళ్లే.